లేని మనిషికి మైల

జ్ఞాతి పోతే మైల. ఎవరికి ఎన్నిరోజులో పురోహితుడుగారు వేళ్ళమీద లెక్కగట్టి చెబుతారు. వేలు విడిచిన చుట్టమైతే స్నానంతో సరి. స్నేహితుడు పోతే శాస్త్రంలో మైల లేదు, మనస్సులో వుంటే వుండవచ్చు. ఇంతవరకూ మనకు తెలిసినదే. మరి అసలు పుట్టనేలేని మనిషి పోతే? ఒక డాక్టరుగారి కలంలోంచి సిరాతో పుట్టి, వారపత్రికలోనో మాసపత్రికలోనో పెరిగి పెద్దవాడై, ఒకనాడు ఆ కలంపోటుకే పోయిన మనిషికి ఎన్ని రోజులు పట్టాలి?

వేళాకోళానికి అడగడం లేదు. 1893 డిసెంబరులో లండను నగరంలో ఎంతోమందికి ఈ ప్రశ్న ఎదురయింది. పోయినవాడు షెర్లాక్ హోమ్స్. పోగొట్టినవాడు సర్ ఆర్థర్ కానన్ డాయిల్. అప్పటికి ఇంకా ‘సర్’ కాలేదు, వట్టి డాక్టర్ డాయిల్.

హోమ్స్ పేరు వినని చదువరి మన దేశంలోనూ అరుదు. మన తెలుగులో కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు లేచి తిరగడానికి ఎంతో ముందే, బేకర్ స్ట్రీటులో ఒక మేడగదిలో హోమ్సూ, డాక్టర్ వాట్సనూ కాపరం పెట్టారు. మొదటి నవల 1887లో వచ్చింది. దానిని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1891 జూలైనుంచి ‘స్ట్రాండ్ మాగజైన్’ అనే సచిత్ర మాసపత్రికలో నెలకొక్క కథగా వేయడం మొదలుపెట్టాక ఇంగ్లండు ఇంగ్లండంతా చదివింది. నెల మొదట్లో పత్రిక కోసం ఎదురుచూడడం, ఇంట్లో ముందు ఎవరు చదవాలని తగువులాడుకోవడం, చదివినవాడు చదవనివాడికి చివర చెప్పేస్తానని బెదిరించడం! ఈ చందమంతా మన ఇళ్ళలో కొత్తగా చెప్పనక్కర్లేదు.

అంత పేరు తెచ్చిన మనిషిని డాయిల్ ఎందుకు చంపినట్టు? విసుగెత్తి. ఆయనకు చారిత్రక నవలలంటే ప్రాణం. మధ్యయుగపు విలుకాండ్రమీదా, మతయుద్ధాలమీదా ఆయన రాసిన పెద్ద పుస్తకాలే తన పేరు నిలబెడతాయని నమ్మకం. డిటెక్టివు కథలు ఆ పనికి అడ్డం వస్తున్నాయని బాధ. 1891 చివరలోనే, కథలు మొదలై ఇంకా అర్ధ సంవత్సరమైనా కాకుండానే, హోమ్స్‌ను చంపేద్దామనుకుంటున్నానని తల్లికి ఉత్తరం రాశాడు. ఆ తల్లి ఊరుకోలేదు. వద్దంటే వద్దని గట్టిగా చెప్పింది. పైగా ఒక కథకు తనే పట్టు అందించింది. ఒక పిల్ల అందమైన జుట్టును పనిచ్చినవాళ్ళు పట్టుబట్టి కత్తిరించుకోమంటారు, ఎందుకో చూడు, అని. కొడుకు దాన్ని కథచేసి అచ్చువేశాడు. హోమ్స్ ప్రాణం మరి రెండేళ్ళు నిలిచింది. తల్లిమాట ఎంతటి వైద్యమో చూడండి.

1893లో మాత్రం ఆగలేదు. ఆ వేసవిలో స్విట్జర్లాండు వెళ్ళి, రైకెన్‌బాక్ జలపాతం చూసి వచ్చాడు. అంత నీరు అంత లోతుకు పడే చోటు అయితే శవం దొరకలేదన్నా ఎవరూ తప్పుపట్టరు. హోమ్స్‌నూ, మొరియార్టీ అనే దుష్ట ప్రొఫెసరునూ పెనుగులాటలో ఆ అగాధంలోకి తోసేశాడు. పాపం వాట్సన్ కొండమీదికి పరుగెత్తుకు వచ్చేసరికి బండకు ఆనించిన చేతికర్ర, సిగరెట్టుపెట్టె, చిన్న ఉత్తరం మిగిలాయి. అంతే.

పాఠకులు ఊరుకుంటారా! 20 వేలమంది చందాలు మానుకున్నారని చెప్పుకుంటారు. యువకులు చేతికి నల్లగుడ్డ కట్టుకుని ఆఫీసులకు వెళ్ళారని కూడా చెబుతారు. ఈ రెండో మాట తరవాతి కాలపు జీవితచరిత్రల్లో కనిపిస్తుంది గాని, ఆనాటి పత్రికల్లో ఆధారం దొరకలేదని వెతికినవారు అంటున్నారు. నల్లగుడ్డలు కట్టారో లేదో నేను పట్టుబట్టను. ఒక్కటి మాత్రం డాయిల్ తన ఆత్మకథలో తానే చెప్పుకున్నాడు. ఒక ఇల్లాలు ఆయనకు ఉత్తరం రాస్తూ, ‘అయ్యా’ అని గాని, ‘ఆర్యా’ అని గాని మొదలుపెట్టకుండా, ఏకంగా పశువా అని తిట్టిందట. ఆ తిట్టు తిట్టిన ఆమె ఎవరో లోకానికి తెలియదు. ఎవరైతేనేం, ఆమె దుఃఖం అబద్ధమని అనగలమా?

అప్పుడు డాయిల్ ఇంట్లో ఏం జరుగుతున్నదో ఆమెకు తెలియదు. ఆ ఏడాది అక్టోబరులో ఆయన తండ్రి పోయాడు. చిత్రకారుడు, తాగుడువల్ల, మతిభ్రమవల్ల ఏళ్ళతరబడి ఆస్పత్రుల్లో గడిపి అక్కడే కన్నుమూశాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే భార్య లూయిసాకు క్షయ అని తేలింది. ఎంతో కాలం బతకదన్నారు. చలికొండల గాలి మంచిదని ఆమెను స్విట్జర్లాండు తీసుకువెళ్ళి డేవోస్‌లో మకాం పెట్టాడు. లండనులో జనం హోమ్స్ కోసం వగస్తూవుంటే, ఈయన నిజమైన మంచం పక్కన నిజమైన మందుసీసాలతో కూర్చుని వున్నాడన్నమాట. కథలోని మనిషి పోతే ఇంత గోలేమిటి అని ఆయనకు కోపం వచ్చి వుంటే ఆ కోపాన్నీ మనం తప్పుపట్టలేం. (ఆ ఇల్లాలు డాక్టర్ల లెక్క తప్పుచేసి 1906దాకా బతికింది. భర్త సేవ అని కొందరు, చలిగాలి అని కొందరు.)

పది సంవత్సరాలు గడిచాయి. మధ్యలో 1901లో ఒక పాత కేసు అనే సాకుతో భీకరమైన వేటకుక్క కథ రాశాడు గాని, మనిషిని బతికించలేదు. చివరికి 1903లో, పత్రికలవాళ్ళు పెద్ద మొత్తం ఇవ్వజూపేసరికి, హోమ్స్ తిరిగి వచ్చాడు. జలపాతంలో పడనేలేదట. కుస్తీపట్టుతో తప్పించుకుని, శత్రువులకు భయపడి అజ్ఞాతవాసం చేశాడట. మన పాండవులు విరాటుడి కొలువు చేశారు. ఈయన టిబెట్టు వెళ్ళి లాసాలో పెద్ద లామాను చూశానంటాడు. ఏమైనా మనిషి దక్కాడు. ఆపైన 1927దాకా కథలు వచ్చాయి. వెరసి నాలుగు నవలలు, 56 కథలు.

ఇహ ఇక్కడినుంచే నా అసలు వ్యవహారం. కథలు అక్కడితో ఆగిపోయాయి గాని చదివినవాళ్ళ మాటలు ఆగలేదు.

1911లో ఆక్స్‌ఫర్డులో రోనాల్డ్ నాక్స్ అనే యువ పండితుడు ఒక వ్యాసం చదివాడు. బైబిలును ముక్కముక్కలుగా తరిగి, ఇది ఫలానావారు రాసినది, ఇది తరవాత చేర్చినది అంటూ తేల్చే జర్మను పండితుల ధోరణి ఆయనకు గిట్టేది కాదు. వాళ్ళను ఎగతాళి చేయడానికి అదే ధోరణిలో హోమ్స్ కథలను పరిశోధించాడు. తిరిగి వచ్చిన హోమ్స్ అసలు హోమ్సేనా, లేక వాట్సన్ డబ్బుకోసం అల్లిన కట్టుకథా, అని. ఎగతాళికి మొదలైనది ఏళ్ళు గడిచేకొద్దీ ఒక విద్యగా తయారయింది. డాయిల్ ఆ వ్యాసం చదివి, నవ్వు వచ్చిందనీ, ఇంత శ్రమ ఎవరైనా పడతారా అని ఆశ్చర్యపోయాననీ నాక్స్‌కు ఉత్తరం రాశాడు.

1934లో న్యూయార్కులో క్రిస్టఫర్ మోర్లీ అనే రచయిత, తన మిత్రులతో కలిసి ‘బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్’ అని ఒక సంఘం పెట్టాడు. హోమ్స్‌కు వార్తలు మోసే వీధిపిల్లల మూకకు కథల్లో ఆ పేరు. చేరదలిచినవారికి పత్రికలో ఒక పదబంధ ప్రహేళిక పరీక్ష. అదే కాలంలో లండనులోనూ ఒక సంఘం పుట్టి, యుద్ధంముందు మూతబడి, 1951లో మళ్ళీ కొత్తగా తెరుచుకుంది. వీరిలో డాక్టర్లు, వకీళ్ళు, బాంకు ఉద్యోగులు, కాలేజీ మేష్టర్లు. మోటారుకార్ల కంపెనీ వైస్‌ప్రెసిడెంటు ఒకాయన 1946నుంచి ఈ సంఘానికి పత్రిక నడిపాడు. పగలంతా కార్ల లెక్కలు, సాయంత్రం హోమ్స్ ముచ్చట్లు.

వీళ్ళు ఏం మాట్లాడుకుంటారని కదూ? చిత్తగించండి.

వాట్సన్‌కు అఫ్గన్ యుద్ధంలో తగిలిన గుండు మొదటి నవలలో భుజానికి తగిలింది. రెండో నవలలో కాలుకు దిగింది. డాయిల్ మరిచిపోయాడు, అంతే. కాని ఆ మాట అంటే ఆట చెడిపోతుంది. సంఘంలో నియమం ఏమిటంటే హోమ్స్ బతికిన మనిషి, వాట్సన్ రాసినది చరిత్ర, డాయిల్ వట్టి అచ్చువేయించే మధ్యవర్తి. అంచేత గుండు భుజానికి తగిలి కాలుకు ఎట్లా దిగిందో శరీరశాస్త్రం చదివిన డాక్టర్లు పటాలు గీసి నిరూపించాలి. అలాగే వాట్సన్ పేరు జాన్. కాని ఒక కథలో భార్య అతన్ని జేమ్స్ అని పిలుస్తుంది. ఇది భార్య పరపురుషుణ్ణి తలుచుకోవడమా అని కొందరు అల్లరి చేశారు. డరోతీ సేయర్స్ అనే రచయిత్రి ఆమె మానం కాపాడింది: వాట్సన్ పూర్తిపేరులో మధ్య అక్షరం ‘హెచ్’, అది ‘హేమిష్’, స్కాట్లండులో జేమ్స్‌కు ఆ పేరే, ఇంట్లో భార్య ముద్దుగా అట్లా పిలిచేది. మనవాళ్ళలో వెంకట సుబ్రహ్మణ్యాన్ని ఇంట్లో బుల్లిబాబు అన్నట్టే కదా!

జాతకం కూడా వేశారు. హోమ్స్ పుట్టినరోజు జనవరి 6 అని తేల్చారు. ఎట్లా? ఒక నవలలో జనవరి 7 ఉదయం ఆయన చిరాకుగా వున్నాడు. ముందురాత్రి పుట్టినరోజు విందు ఎక్కువై వుండాలి! పుట్టిన సంవత్సరం 1854. 1914లో జరిగిన కథలో ఆయనకు అరవై ఏళ్ళన్నారు కాబట్టి. షష్టిపూర్తి చేసుకోవలసిన వయస్సులో జర్మను గూఢచారిని పట్టుకున్నాడన్నమాట. 1941లో రెక్స్ స్టౌట్ అనే డిటెక్టివు కథల రచయిత విందులో లేచి, వాట్సన్ అసలు ఆడదని ప్రసంగం చేశాడు. సభ అల్లకల్లోలమైపోయింది. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు కూడా ఈ సంఘంలో సభ్యుడు. ప్రపంచయుద్ధం నడిపిస్తూ, ఆ తీరికలేని రోజుల్లోనే, హోమ్స్ పుట్టుక అమెరికాదేనని తన సిద్ధాంతాన్ని ఉత్తరంలో రాసి పంపాడు.

పాము సంగతి చెప్పకపోతే నాకు తోచదు. ఒక ప్రసిద్ధ కథలో కలకత్తాలో డాక్టరీ చేసి వచ్చిన దొర ఒక హిందూదేశపు విషసర్పంతో హత్య చేయిస్తాడు. ఆ పాము గంటతాడు పట్టుకుని దిగుతుంది, యజమాని ఈల వేస్తే మళ్ళీ తాడెక్కి పోతుంది, సాసరులో పాలు తాగుతుంది. ఆ పేరుగల పాము మన దేశంలో లేదు. పాముకు బయటి చెవులు లేవు. గాలిలో వచ్చే ఈలకంటే నేల అదురే దానికి బాగా తెలుస్తుంది. పాలు దాని ఆహారం కాదు. అయినా నాగులచవితినాడు పుట్టలో పాలు పోసే మనం డాయిల్‌ను నవ్వడానికి కొంచెం ముందూ వెనకా చూసుకోవాలి. అది ఏ జాతి పామో తేల్చడానికి సర్పశాస్త్రం చదివిన పెద్దలు సైతం వ్యాసాలు రాశారు. తాచుకూ, విషపు బల్లికీ పుట్టిన సంకరమని కూడా ఒక సిద్ధాంతం!

వట్టి చిలిపి కబుర్లు, పనిలేని మంగలి పిల్లితల గొరగడం, అని మీరు అనబోతున్నారు. నేనూ మొదట అనుకున్నాను. కాని మన ఆడవాళ్ళ పాటలు గుర్తుచేసుకోండి. వనవాసంలో లక్ష్మణుడు నిద్రపోలేదన్నారు సరే, మరి ఆ పధ్నాలుగేళ్ళూ ఊర్మిళ ఏం చేసింది? వాల్మీకి చెప్పలేదు. మన తల్లులు ఊరుకోలేదు. మొగుడి నిద్ర కూడా కలుపుకుని తానే పడుకుందని ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాడుకున్నారు. లక్ష్మణుడు తిరిగివచ్చి లేపబోతే, ఎవరో పరాయివాడనుకుని ఆమె హడలిపోయి హెచ్చరిస్తుంది. పట్టాభిషేకం వేళ లక్ష్మణుడు పకపకా ఎందుకు నవ్వాడో ‘లక్ష్మణదేవర నవ్వు’ చెబుతుంది. వ్యాసుడి భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖ మాటేలేదు. అయినా 1957లో ‘మాయాబజార్’ వచ్చాక శశిరేఖ లేదనే ధైర్యం తెలుగుదేశంలో ఎవరికుంది? కథ ప్రాణమైనవాళ్ళు కథలోని ఖాళీ చోటులో పీట వేసుకుని కూర్చుంటారు. న్యూయార్కులో డాక్టరు చేసేదీ, పెరటిలో బియ్యం చెరుగుతూ పాడే ముత్తవ్వ చేసేదీ ఒకటే పని అని నా అభిప్రాయం. హోమ్స్ టిబెట్టులో ఏం చేశాడో డాయిల్ రెండు ముక్కల్లో తేల్చేశాడా, ధర్మశాలలో వుండిన జామ్యాంగ్ నోర్బూ అనే టిబెటన్ రచయిత 1999లో ఆ అజ్ఞాతవాసం మీద పూర్తి నవలే రాశాడు.

పైగా ఆ కబుర్లు ఎప్పుడూ పాములదగ్గరా గుళ్ళదగ్గరా ఆగవు. రెండో కాఫీ వచ్చేసరికి లోతుకు దిగుతాయి. ఒక కథలో హోమ్స్, కేసు మధ్యలో హఠాత్తుగా ఆగి, ఒక గులాబీని చేతిలోకి తీసుకుని, అన్నమూ నీళ్ళూ బతకడానికి కావాలి గాని పువ్వు లేకపోయినా జరుగుతుంది కదా, అక్కర్లేనిది ఇచ్చాడంటే ఇచ్చినవాడు మంచివాడే అయివుండాలి, అన్న అర్థం వచ్చేటట్టు మాట్లాడతాడు. అదే సంవత్సరం వచ్చిన మరో కథ చివర, ఈ హింసా ఈ దుఃఖమూ ఎందుకని ఆయనే అడిగి జవాబు లేకుండా వదిలేస్తాడు. మరి హోమ్స్ ఆస్తికుడా, నాస్తికుడా? ప్రేమ బుద్ధికి తుప్పు అనే మనిషి వాట్సన్‌కు గుండు తగిలిననాడు ఎందుకు అంత గాభరాపడ్డాడు? దొంగ దొరికాక క్షమించి వదిలేసే హక్కు ఎవరిచ్చారు? ఈ ప్రశ్నలు హోమ్స్‌మీద వేసినట్టే వుంటాయి. వేసినవాళ్ళు తమ ఇంటి సంగతి మాట్లాడుకుంటున్నారని వినేవాడికి తెలుస్తూనే వుంటుంది. తన కొడుకు దేవుణ్ణి నమ్మడం మానేశాడని పెద్దవాడు ఎకాయెకి స్నేహితుడితో చెప్పుకోలేడు. హోమ్స్ నమ్మేవాడా అని అడగగలడు.

ఇన్ని తెలిసినవాళ్ళకు ఒక చిన్న విషయం చాలాకాలం తెలియలేదు. ఆ న్యూయార్కు సంఘం విందులో మొదట ‘ది వుమన్’ అని ఒక స్త్రీకి గౌరవంగా గ్లాసులెత్తడం ఆచారం. హోమ్స్‌ను ఓడించిన ఐరీన్ ఆడ్లర్ పేరిట! గ్లాసులెత్తిన తరవాత ఆ స్త్రీ ఇంటికి వెళ్ళిపోవాలి. భోజనం మగవాళ్ళకే. 1968 జనవరిలో కొందరు కాలేజీ అమ్మాయిలు అట్టలు పట్టుకుని ఆ హోటలు బయట చలిలో నిలబడ్డారు. కథలు మేమూ చదివాం, మాకూ అభిప్రాయాలున్నాయి, అని. లోపలినుంచి తలుపు తెరవలేదు. వాళ్ళు తమ సంఘం తాము నడుపుకున్నారు. 1991లో గాని సంఘం స్త్రీలను సభ్యులుగా చేర్చుకోలేదు. డాయిల్‌ను పశువని తిట్టినది ఆడదే, హోమ్స్ ప్రాణం రెండేళ్ళు నిలిపినది ఆడదే. వాళ్ళ పీట మాత్రం బయట. మన ఇళ్ళలో సీరియల్ ముందు ఎవరు చదువుతారో తెలిసినవారు దీన్నిబట్టి నవ్వుకోవచ్చు.

బేకర్ స్ట్రీట్ 221-బి అనే ఇల్లు డాయిల్ కాలంలో లేనేలేదు. ఆ వీధిలో నెంబర్లు అంతవరకు లేవు. తరవాత వీధి పొడిగించారు. 1932లో ఒక గృహనిర్మాణ రుణాల సొసైటీ అక్కడ పెద్ద భవనం కట్టుకుంది. ఆ నెంబరు వాళ్ళ వాకిట్లో పడింది. ఇక ఉత్తరాలు రావడం మొదలు. ఇళ్ళకు అప్పులిచ్చే కంపెనీకి, షెర్లాక్ హోమ్స్ గారికి అని విలాసంతో! తప్పిపోయినవాటిని వెతికిపెట్టమనీ, తమ ఊళ్ళో అన్యాయం విచారించమనీ, ఊరికే కుశలమడుగుతూనూ. కంపెనీవాళ్ళు పారవేయలేదు. జవాబులు రాయడానికి ఒక సెక్రటరీని నియమించారు. ‘హోమ్స్‌గారు ప్రస్తుతం పనినుంచి విరమించి ససెక్స్ పల్లెలో తేనెటీగలు పెంచుకుంటున్నారు, మీ ఆదరానికి కృతజ్ఞతలు’ అనే ధోరణిలో జవాబు. కథల్లో ఆయన విశ్రాంతి అక్కడే. ఆయన పోయాడని వాట్సన్ రాయలేదు. పత్రికల్లో వార్త రాలేదు. అంచేత బతికే వున్నాడని అభిమానుల వాదం. 1854లో పుట్టిన మనిషి కదా అంటే, తేనెపట్టులో రాణీగారు తినే ఆహారం తింటున్నాడంటారు. 1990లో అదే వీధిలో హోమ్స్ మ్యూజియం తెరిచారు. ఆ ఉత్తరాలు ఎవరికి చెందాలని చాలాకాలం పేచీ నడిచింది. లేని మనిషి ఉత్తరాలకు వారసత్వపు తగాదా!

డాయిల్ సంగతి ముగించాలి. 1918లో, ఇన్‌ఫ్లూయెంజా ప్రపంచాన్ని వూడ్చిపెట్టిన ఏడు, ఆయన పెద్దకొడుకు కింగ్స్‌లీ పోయాడు. యుద్ధంలో గాయపడి లేచినవాడు. కొద్ది నెలల్లో తమ్ముడూ పోయాడు. అంతకు ముందే ప్రేతాత్మలతో మాట్లాడవచ్చునని బహిరంగంగా నమ్మిన డాయిల్, ఆపైన ఆ ప్రచారంలోనే మునిగిపోయాడు. దేశాలు తిరిగి వేలమంది పుత్రశోకపీడితులకు ఉపన్యాసాలిచ్చాడు. ఇద్దరు చిన్నపిల్లలు కాగితపు దేవకన్యలతో తీసిన ఫొటోలను నిజమని నమ్మి పుస్తకం రాశాడు. (అవి కాగితపు బొమ్మలేనని ఆ పిల్లలు 1983లో, ముసలివాళ్ళయ్యాక ఒప్పుకున్నారు.) ఆయన 1930 జూలై 7న పోయాడు. ఆరు రోజుల తరవాత లండను ఆల్బర్ట్ హాలులో వేలమంది చేరారు. వేదికమీద భార్య పక్కన ఒక కుర్చీ ఖాళీగా వుంచారు, ఆయన కోసం. ఒక మీడియం ఆయన్ను అక్కడ చూశానంది.

హోమ్స్ కోసం ఏడ్చినవాళ్ళను చూసి విసుక్కున్న మనిషి! నాకు ఆ కుర్చీని నవ్వబుద్ధి కాలేదు. ఎందుకు కాలేదో చెప్పాలంటే మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

1961లో నాకు పదేళ్ళు. మా అక్కయ్య పురిటికి వచ్చింది, పంధొమ్మిదేళ్ళది. మగపిల్లవాడు పుట్టాడు. ఇరవయ్యొకటో రోజు బారసాల అని నాన్నగారు బజారునుంచి ఉయ్యాలతాళ్ళు తెచ్చారు. పద్ధెనిమిదో రోజు తెల్లవారుజామున పిల్లవాడు పోయాడు. పళ్ళు రాని బిడ్డకు మైల లేదు, స్నానంతో సరి అన్నారు. పొద్దెక్కేసరికి ఇల్లు కడిగేశారు. సాయంత్రానికి ఉయ్యాల అటకెక్కింది. వచ్చినవాళ్ళంతా ఒకటే మాట: చిన్నదానివి, మళ్ళీ కలుగుతారు, ఏడవకూడదు, ఏడిస్తే వచ్చే బిడ్డకు అరిష్టం. అక్కయ్య ఏడవలేదు. అందరూ దాని ధైర్యాన్ని మెచ్చుకున్నారు.

రెండు నెలల తరవాత ఇంటికి వచ్చే వారపత్రిక సీరియల్లో కథానాయిక కొడుకు జ్వరంతో పోయాడు. అక్కయ్య వంటింటి గడపమీద కూర్చుని చదివింది. చదివి ఏడ్చింది. ఆ రాత్రీ, మర్నాడూ, ఆ మర్నాడూ ఏడ్చింది. అన్నం ముట్టలేదు. నాన్నగారికి అయోమయంగా వుండి కోపం వచ్చింది.

“ఏమిటే ఇది! ఎవడో డబ్బులకు రాసిన కథకి ఇంత ఏడుపా? రేపటినుంచి ఆ పత్రిక మానిపించేస్తాను.”

బామ్మ విస్తరాకులు కుడుతోంది. తల ఎత్తకుండానే అంది: “ఒరే అబ్బాయ్, దాన్ని ఏడవనీరా. కథకేగా, అరిష్టం లేదు.”

నాన్నగారు మరి మాట్లాడలేదు. పత్రిక మానిపించలేదు.

ఆ బామ్మే, శివాలయంలో పురాణం జరిగే రోజుల్లో, అభిమన్యుడు పద్మవ్యూహంలో పడే నాడు గుడికి వెళ్ళేది కాదు. “పిల్లాడు పోయేది నేను చూడను, ఎల్లుండి వస్తానని శాస్త్రిగారితో చెప్పు” అని నన్ను పంపేది. ఆవిడకు ఎంతమంది పిల్లలు పోయారో మాకు పెద్దయ్యాక తెలిసింది.

అక్కయ్యకు ఇప్పుడు ఎనభై దాటాయి. తరవాత ముగ్గురు పిల్లలు, మనవలు. ఆ సీరియల్ కాగితాలు చింపి, వరసగా పెట్టి, తెల్లదారంతో కుట్టుకుంది. ఇప్పటికీ దాని పెట్టెలో వున్నాయి. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఈ హోమ్స్ కబుర్లన్నీ చెప్పాను. నల్లగుడ్డల దగ్గర నవ్వింది. ఖాళీకుర్చీ దగ్గర నవ్వలేదు. కాసేపు ఊరుకుని, “మనవాడికి బారసాల కాలేదు కదురా, పేరు లేకుండా పోయాడు. ఆ కథలో పిల్లాడి పేరే నేను పెట్టుకున్నాను. మీ బావగారికి కూడా చెప్పలేదు” అంది.

ఆ పేరేమిటో ఇక్కడ రాయవద్దని చెప్పింది.